ఒక ఇంటి నగల పంపకం: తూకంలో సరి, వన్నెలో తేడా

నగలు స్టీలు క్యారేజీలో వచ్చాయి. పైగిన్నెలో నిజంగానే పులిహోర ఉంది. కింది రెండు గిన్నెల్లో పాత చీర ముక్కల్లో చుట్టిన బంగారం. బస్సులో ఎవరికీ అనుమానం రాకూడదని ముగ్గురు తోబుట్టువుల్లో పెద్దావిడ చేసిన ఏర్పాటు అది. ఆవిడకు యాభై ఎనిమిదేళ్ళు. వెంట చెల్లెలు, తమ్ముడు. వాళ్ళమ్మగారు 2024లో పోయారు. ఏడాది తిరగకముందే నగలు పంచేసుకుంటే ఒక పని అయిపోతుందని ముగ్గురూ కలిసి వచ్చారు.

వీళ్ళ మధ్య గొడవేమీ లేదు. ఆ మాట ముందే చెప్పాలి. పంపకాల కోసం నా దగ్గరికి వచ్చేవాళ్ళలో సగం మంది ఒకరి మొహం ఒకరు చూసుకోరు. వీళ్ళు పులిహోర నాకూ పెట్టారు.

నేను విజయవాడ వన్‌టౌన్‌లో ఉంటాను. కంసాలి కుటుంబం. తాతయ్య, నాన్న కుంపటి ముందు కూర్చున్నారు. నేను ఇరవయ్యేళ్ళకు పైగా బ్యాంకులకు నగలు పరీక్షించి విలువ కట్టే పని చేస్తున్నాను. ఈ కేసును ఆ కుటుంబం ఒప్పుకున్నాకే రాస్తున్నాను. వాళ్ళ ఊరూ పేర్లూ రాయడం లేదు. అంకెలు మాత్రం ఆరోజు నా పుస్తకంలో రాసుకున్నవే.

వాళ్ళు లెక్క వేసుకునే వచ్చారు. ఊళ్ళో తెలిసిన కొట్లో తూకం వేయించి, నోటుబుక్కు కాగితం మీద రాసుకున్నారు. కాసులపేరు 92.40 గ్రాములు. చేతి మురుగుల జత 61.20. నానుతాడు 48.60. కెంపుల నెక్లెస్ 41.50. సన్న గొలుసు 16.02. అన్నీ కలిపి 259.72 గ్రాములు, తలా 86.57. కాసులపేరు పెద్దావిడకు, మురుగులూ గొలుసూ చెల్లెలికి, నానుతాడూ నెక్లెస్సూ తమ్ముడికి. చెల్లెలి వాటాలో తొమ్మిది గ్రాముల చిల్లర తగ్గుతుంది కాబట్టి మిగతా ఇద్దరూ ఆ మేరకు డబ్బిస్తారు. "మీరు తూకం ఒకసారి సరిచూసి, ఈరోజు రేటు ప్రకారం ఎంతివ్వాలో చెప్పండి ఆచారిగారూ, చాలు" అన్నాడు తమ్ముడు.

కాగితం మీద కూడికలు, తీసివేతలు అన్నీ సరిగ్గానే ఉన్నాయి. కాని అక్కడున్న గ్రాములన్నీ ఒకే రకం గ్రాములు కావు.

బంగారం విషయంలో మూడు ప్రశ్నలుంటాయి. మొదటిది, ఎంత బరువు? రెండోది, ఎంత వన్నె? వందలో బంగారం ఎంత, రాగి వెండి ఎంత అన్నమాట. పాతవాళ్ళు మేలిమిని పదహారు వన్నె అనేవారు, ఇప్పుడు 24 క్యారట్లంటున్నాం. 22 క్యారట్లంటే వెయ్యికి 916, 18 అంటే 750, 14 అంటే 585. మూడోది, నగ గట్టిదా, బోలుదా? లోపలంతా అదే లోహమా, లేక పైన రేకు, లోపల ఇంకేదో ఉందా? కొనేటప్పుడు మనవాళ్ళు మొదటి ప్రశ్న గట్టిగా అడుగుతారు. ఈమధ్య రెండోది కూడా అడుగుతున్నారు. మూడోది అడిగేవాళ్ళను నేను వేళ్ళ మీద లెక్కపెట్టగలను.

తేలికైన దానితో మొదలుపెట్టాను. సన్న గొలుసు 2022లో చిన్నామె తల్లికి కొనిపెట్టింది. కొక్కెం పక్కన భూతద్దంలో మూడు గుర్తులు కనిపించాయి: బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) త్రికోణం, 22కె916, అక్షరాలూ అంకెలూ కలిపి ఆరు ఉండే హెచ్‌యూఐడీ, అంటే ఒక్కో నగకూ వేరుగా ఇచ్చే గుర్తింపు సంఖ్య. బీఐఎస్ కేర్ యాప్‌లో ఆ హెచ్‌యూఐడీ కొడితే అది గొలుసేనని, 916 అని, ఏ సెంటర్లో పరీక్షించారన్నది వచ్చింది. హాల్‌మార్క్ తప్పనిసరి అయింది 2021 జూన్‌లో, హెచ్‌యూఐడీ వచ్చింది ఆ జూలైలో. 2023 ఏప్రిల్ 1 నుంచి అది లేకుండా కొత్త నగ అమ్మకూడదు. గుర్తు మీదున్న వన్నె కంటే నగలో తక్కువ తేలితే, ఆ తేడా విలువకు రెండింతలు, పరీక్ష ఖర్చుతో సహా కొన్నవాళ్ళకు ఇవ్వాలని 2018 నాటి బీఐఎస్ నిబంధనల్లోనే ఉంది. ఈ సంగతి చాలామందికి తెలియదు. బిల్లు పారేస్తారు.

వన్నె గురించి ఈ గొలుసుకు పేరు పెట్టేది లేదు. అయితే అది మిషన్ గొలుసు, బోలుది. లింకులు సన్నని గొట్టాలు. రెండు చోట్ల అప్పటికే నొక్కుకుపోయాయి. హాల్‌మార్క్ వన్నెకు హామీ, గట్టితనానికి కాదు. బోలు గొలుసు తెగితే టంకం పెట్టడం కష్టం, మంట తగలగానే గొట్టం గోడ కరిగిపోతుంది. మార్చుకునే రోజు గ్రాముకు గ్రాము రేటు వస్తుంది, అందులో తేడా ఉండదు. ఆ రోజు వరకు అది నిలవాలి, సమస్యంతా అక్కడే. 16.02కి 916 చొప్పున మేలిమి 14.67 గ్రాములు రాసుకున్నాను.

కెంపుల నెక్లెస్ 2008లో తమ్ముడు మొదటి జీతాలు కూడబెట్టి కొన్నది. బిల్లు భద్రంగా ఉంది, చాలా సంతోషం. బిల్లులో ఒకటే బరువు, 41.50 గ్రాములు, మొత్తానికి బంగారం రేటు. రాళ్ళ బరువు తీసేయలేదు. వెనక కేడీఎం అని ముద్ర. జనం కేడీఎం అంటే అదేదో నాణ్యత గుర్తనుకుంటారు. అది కాడ్మియం కలిపిన టంకం పేరు, అంతే. ఆ పొగ పీల్చి మా వృత్తిలో ఎందరో ఊపిరితిత్తులు పాడుచేసుకున్నారు. ఇప్పుడు దాన్ని వాడకూడదు.

రాళ్ళు, వాటి కింద మైనం, తగరపు రేకు కలిపి 8.90 గ్రాములు తేలాయి. కెంపులు గాజువే. 2008లో మేలిమి పది గ్రాములు పన్నెండున్నర వేల చుట్టూ ఉండేది. అంటే గాజుకు, మైనానికి ఆ కుర్రాడు పది వేల పైచిలుకు కట్టాడు. మిగిలిన 32.60 గ్రాముల్లో వన్నె సగటున 88. మేలిమి 28.69. అతను మొహం చిన్నబుచ్చుకున్నాడు. "అయినా రేటు ఎంత పెరిగిందండీ, నష్టమేం రాలేదు కదా" అన్నాడు కాసేపటికి. నిజమే, నష్టం కనిపించదు. ధర పెరిగే కొద్దీ కొన్నప్పటి తప్పు కిందకు పోయి పడుకుంటుంది. ఆ షాపువాళ్ళను ఇన్నేళ్ళూ ఎవరూ నిలదీయలేదంటే కారణం అదే.

కాసులపేరు తీయగానే ముగ్గురూ కాస్త ముందుకు జరిగారు. అరవై ఒక్క కాసులు, ఒక్కో కాసు మీద లక్ష్మీదేవి అచ్చు. అమ్మమ్మ నుంచి అమ్మకు వచ్చింది. వెనక పట్టుతాడు, దాని కుచ్చు తీసేస్తే 89.30. ఏ ఒక్క కాసునో రుద్ది మొత్తానికి అదే వన్నె అని చెప్పేవాళ్ళుంటారు. పాత కాసులపేర్లలో మధ్యలో ఎప్పుడో ఊడిపోయిన కాసుల స్థానంలో కొత్తవి పెట్టి ఉంటారు కాబట్టి నేను వరుసగా చూసుకుంటూ పోతాను. ఇక్కడ రెండు కాసులు రంగులోనే తేడాగా ఉన్నాయి, లక్ష్మీదేవి ముక్కు కూడా వేరే అచ్చుది. అవి 18 క్యారట్లకు దగ్గర. మిగిలినవి 91.7 నుంచి 92 దాకా. ఉంగరాలు, టంకం పడ్డచోట్లు 84. బరువుల వంతున కలిపి 90.5 వేశాను. మేలిమి 80.82 గ్రాములు. కాసుల అంచులు అరిగాయి గాని ఒక్కటీ చీలలేదు. చేత్తో చేసిన గట్టి నగ.

ఇక మురుగులు.

చూడ్డానికి అయిదు నగల్లోనూ ఇవే ఘనమైనవి. వేలంత లావు, మొసలి మొహాల కొసలు. "అమ్మ ఎప్పుడూ చెప్పేది, మురుగులే ఎనిమిది కాసులని" అంది చిన్నామె. కాసంటే మా వైపు ఎనిమిది గ్రాములు. 61.20 అంటే ఆ లెక్కకు దగ్గరగానే ఉంది. బల్ల మీద ఒక మురుగును రెండంగుళాల ఎత్తునుంచి వదిలాను. గట్టి గాజైతే ఖంగుమంటుంది. ఇది మూగగా పడింది. గీటురాయి మీద గీత, యాసిడ్ చుక్క, రెండూ 22 క్యారట్లకు సరిపోయాయి. కిరణాలతో వన్నె చూసే మెషీన్, క్యారట్ మీటర్‌లో పెడితే 91. ఇంతవరకు చూసి ఆగిపోయేవాడు ఎనిమిది కాసుల 22 క్యారట్ల బంగారమని రాసి సంతకం పెట్టేస్తాడు.

ఒకప్పుడు నేనూ అలాగే పెట్టాను. 2005 ప్రాంతంలో ఒక బ్యాంకులో తాకట్టుకొచ్చిన నాలుగు గాజులకు రాయి మీద గీత చూసి విలువ రాశాను. వేలం రోజు కత్తిరిస్తే లోపల రాగి కడ్డీ. ఆ తేడా నా జేబులోంచి కట్టాను. రెండేళ్ళు పట్టింది. అప్పట్నుంచి నీళ్ళ తూకం వేయకుండా ఏ నగకూ సంతకం పెట్టను. రాయి గాని, మెషీన్ గాని పై పొరనే చూస్తాయి, మెషీన్ కిరణం కొన్ని మైక్రాన్ల లోతుకు మించి వెళ్ళదు.

నీళ్ళ తూకం చాలా పాత పద్ధతి, పెద్ద పరికరమేమీ అక్కర్లేదు. నగను ముందు గాలిలో తూచాలి. తర్వాత సన్నటి దారానికి కట్టి గ్లాసులో నీళ్ళలో వేలాడదీసి తూచాలి. ఎంత బరువు తగ్గిందో నగ అన్ని ఘన సెంటీమీటర్ల చోటు ఆక్రమించిందన్నమాట. మేలిమి బంగారం ఘన సెంటీమీటరుకు 19.3 గ్రాములు, 22 క్యారట్లయితే పదిహేడున్నర పైన, వెండి పదిన్నర, రాగి తొమ్మిది. 61.20 గ్రాముల గట్టి మురుగులు నీళ్ళలో మూడున్నర గ్రాములు తగ్గాలి. ఇవి 18.90 గ్రాములు తగ్గాయి. భాగిస్తే 3.2.

లోపల లక్క. లక్కలో ఇటుక పొడి కలిపి పోసి, పైన పోస్టుకార్డు మందం రేకు చుట్టారు. రెండింటి సాంద్రతలతో లెక్కకడితే బంగారం 34.10 గ్రాముల చుట్టూ వచ్చింది. మేలిమి 31.03.

చిన్నామె చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత "అంటే మేం లాకర్‌కు అద్దె కట్టింది లక్కకా అండీ?" అంది.

ఇక్కడ నేను ఆ మురుగులు చేసినవాడి తరఫున మాట్లాడాలి. లక్క నింపడం మోసం కాదు. తక్కువ బంగారంతో ఘనంగా కనపడాలంటే అప్పట్లో అదొక మర్యాదైన దారి. లోపల లక్క ఉంటే రేకు సొట్టలు పడదు. చేయించుకున్నవాళ్ళకు ఆ సంగతి తెలుసు, ధరా అలాగే ఇచ్చేవారు. వాళ్ళమ్మగారికీ తెలిసే ఉంటుంది. "ఎనిమిది కాసుల మురుగులు" అన్న మాట మాత్రం పిల్లల దాకా వచ్చింది, "లక్కవి" అన్న మాట దారిలో ఎక్కడో పడిపోయింది. మా తాతయ్యది బందరు వైపు. పక్కనే చిలకలపూడి, రోల్డ్ గోల్డ్ నగలకు పేరున్న చోటు. అక్కడ ఎవరూ పూత నగను బంగారమని అమ్మరు, పూత అనే చెప్పి అమ్ముతారు. ఆ నగే ఇంకో చేతికి మారి, ఆ చేతిలోంచి వారసత్వంగా వచ్చినప్పుడు బంగారమైపోతుంది.

నానుతాడు చివరికి ఉంచాను. ఎందుకంటే చేతిలోకి తీసుకోగానే ఏదో తేడా అనిపించింది. సన్న తీగతో అల్లిన ఆరు కాసుల నానుతాడు, వాళ్ళమ్మగారి పెళ్ళినాటిది. పుస్తెలు విడిగా తీసి పెద్దావిడ దగ్గర ఉంచారు, వాటిని పంపకంలో పెట్టలేదు. అరవయ్యేళ్ళు మెడలో ఉన్న తాడు అరిగి ముద్దకట్టి ఉండాలి. 22 క్యారట్ల తీగ మెత్తనిది, చెమటకు, రాపిడికి, పుస్తెల బరువుకు సాగిపోతుంది. ఇదేమో అల్లిక విడివిడిగా, కరుకుగా, నిన్న చేసినట్టుంది. రంగు పైన పసుపు, అల్లిక సందుల్లో నలుపు.

క్యారట్ మీటర్ 71 చూపింది. 71 అనేది ఏ లెక్కకూ రాదు. నీళ్ళ తూకం వేశాను. అల్లిక నగల్లో గాలి బుడగలు ఇరుక్కుంటాయి, కాబట్టి ముందు వేడి నీళ్ళలో వేసి రెండుసార్లు విదిలించాలి. 3.62 గ్రాములు తగ్గింది. భాగిస్తే 13.4. లోపల లక్కా లేదు, రాగి కడ్డీ పెట్టే వీలూ లేదు, అంతా సన్న తీగే. అంటే నగ గట్టిదే. వన్నే తక్కువ.

"ఈమధ్య దీనికి మెరుగు పెట్టించారా?" అని అడిగాను. రెండేళ్ళ కిందట పెట్టించామన్నాడు తమ్ముడు. ఆ మెరుగు బంగారు పూత. మీటరు పూతనూ లోపలి లోహాన్నీ కలిపి 71 అంది. వాళ్ళ అనుమతితో కొక్కెం వెనక ఆకురాయితో మూడుసార్లు గీశాను. కింద ఎర్రటి చాయ వచ్చింది. అక్కడ మళ్ళీ పెడితే బంగారం 58.4, రాగి 27.3, వెండి 14.1.

"ఆరు కాసులకు డబ్బు తీసుకుని సగం రాగి కలిపాడన్నమాట" అన్నాడు తమ్ముడు. గొంతు పెరిగింది. "ఎవరో ఆ కంసాలి..." అని నా మొహం చూసి ఆగిపోయాడు.

పెళ్ళెప్పుడయిందని అడిగాను. 1964 వేసవి అంది పెద్దావిడ.

ఆ సంవత్సరం వినగానే నాకు అర్థమైంది. మా ఇంట్లో ఆ రోజుల కథ వినని పిల్లాడు లేడు. 1962లో చైనాతో యుద్ధం వచ్చింది. దేశంలో విదేశీ మారకం లేదు, బంగారం దొంగదారిన వస్తోంది. మొరార్జీ దేశాయ్ ఆర్థికమంత్రి. 1963 జనవరిలో బంగారం నియంత్రణ నిబంధనలు వచ్చాయి. 14 క్యారట్లకు మించిన కొత్త నగ చేయకూడదు. 22 తప్ప వేరే చేయి తెలియని కంసాలులు రాత్రికి రాత్రి పనిలేనివాళ్ళయ్యారు. దేశమంతా ఆత్మహత్యలు జరిగాయి. మా తాతయ్య కుంపటి ఆర్పేసి కొన్ని నెలలు బియ్యం మిల్లులో గుమాస్తాగా చేశారు. ఆ తర్వాత పాత నగలను అదే వన్నెలో తిరగ చేయడానికి ఒప్పుకున్నారు. కొత్త నగలకు 14 క్యారట్ల కట్టు మాత్రం 1966 దాకా ఉంది. 1968లో చట్టంగా మారిన బంగారం నియంత్రణ 1990లో గాని పోలేదు.

1964లో ఇంట్లో కరిగించడానికి పాత నగలేవీ లేక, కొత్తగా చేయించుకున్న కుటుంబానికి చట్టం ప్రకారం దొరికేది ఇదే. ఈ తాడు చేసినాయన నిజాయితీకి నా దగ్గర సాక్ష్యం ఒక్కటే, ఆ అంకె. మోసం చేసేవాడు కలిపిన రాగి ఒకచోట 62 ఇస్తుంది, ఇంకోచోట 70 ఇస్తుంది. చేతికొచ్చినంత కలుపుతాడు. ఈ తాడును ఆరు చోట్ల గీసి చూశాను. అన్నిచోట్లా 58.4కి అటూ ఇటూ పావు. కొక్కెం దగ్గర అదనంగా ఉన్న తీగ కొస ఒకటి కత్తిరించి హాల్‌మార్క్ సెంటర్‌కు పంపాం. అక్కడ పుటం పరీక్ష చేస్తారు. మచ్చుకు కాస్త వెండి చేర్చి సీసపు రేకులో చుట్టి కొలిమిలో పెడతారు. సీసం, రాగి కలిసి గిన్నెలోకి ఇంకిపోతాయి, వెండీ బంగారం పూసగా మిగులుతాయి. ఆ పూసను రేకుగా సాగదీసి నైట్రిక్ యాసిడ్‌లో మరిగిస్తే వెండి పోతుంది. మిగిలినదాన్ని తూచుతారు. దాని మీద అప్పీలు లేదు. 583.6 వచ్చింది.

14 క్యారట్లంటే 24లో 14. వెయ్యికి లెక్కకడితే 583.3. హాల్‌మార్క్‌లో దాన్నే 585 అని రాస్తారు.

ఆ కాగితం చూపించాక తమ్ముడు నానుతాడును రెండు చేతుల్లోకి తీసుకుని చాలాసేపు చూశాడు. క్షమాపణ చెప్పాలనుకున్నాడో ఏమో, "పులిహోర ఇంకొంచెం పెట్టనాండీ?" అన్నాడు.

వన్నె 58.4 చొప్పున మేలిమి 28.38.

ఇప్పుడు పాత కాగితం పక్కన కొత్త కాగితం పెట్టాం. మొత్తం మేలిమి 183.59 గ్రాములు, తలా 61.20. వాళ్ళు అనుకున్న పంపకం ప్రకారం పెద్దావిడకు 80.82, చిన్నామెకు 45.70, తమ్ముడికి 57.07. తూకంలో తొమ్మిది గ్రాములు తగ్గిన చిన్నామెకు నిజంగా తగ్గింది పదిహేనున్నర. అన్నిటికంటే విచిత్రం తమ్ముడిది. పాత లెక్కలో అతను మూడున్నర గ్రాములు ఎక్కువ తీసుకుంటున్నాడు కాబట్టి చిన్నామెకు డబ్బివ్వాలి. కొత్త లెక్కలో అతనికే నాలుగు గ్రాములు తక్కువ. పాత కాగితం పట్టుకుని వెళ్ళిపోయి ఉంటే నష్టపోయినవాడు ఎదురు డబ్బు కట్టి, న్యాయం చేశాననే అనుకునేవాడు.

ఈ లెక్కలో తరుగు, మజూరి, జీఎస్టీ ఏవీ లేవు. కొన్నప్పుడు ఎన్ని శాతాలు కట్టినా అవి కొన్న రోజుతోనే సరి. కొత్తగా చేయించబోయేవాళ్ళకు నేను చెప్పేది ఇదే: నగ పనితనం ఎంత క్లిష్టమో అంత డబ్బు తిరిగి రాదు. అయినా కాసులపేరు దగ్గర నా మాట నేనే కొట్టేసుకుంటాను. అరవై ఒక్క కాసుల్ని పంచి తలా ఇరవై ఇస్తే ఒక్క కాసు తేడాతో అంకె సరిపోతుంది గాని, అలాంటి అచ్చు, అంత బరువు ఇప్పుడు చేయించాలంటే ఆ ముగ్గురి వల్లా కాదు. కరిగిస్తే దాని ధర దిగిపోతుంది. లక్క మురుగులు కరిగిస్తే పోయేదేమీ లేదు, ఉన్నది బయటపడుతుంది. ఏది కరిగించాలి, ఏది ఉంచాలి అన్నదానికి నా కొలత అదే. బ్యాంకువాళ్ళు ఇంత ఆలోచించరు, ఉన్న వన్నెను బట్టి విలువ కట్టి, రాళ్ళూ లక్కా తీసేసి అప్పిస్తారు. వాళ్ళ పని అది.

పెద్దావిడ కాసేపు కాగితం చూసింది. తర్వాత కుడిచేతి గాజులు రెండు తీసి బల్ల మీద పెట్టింది. తన సొంతవి, గట్టివి, 916 హాల్‌మార్క్, రెండూ కలిపి 17.02 గ్రాములు. మేలిమి 15.59. చెల్లెలికి రావలసింది 15.50. "వద్దక్కా, డబ్బే ఇద్దువుగానీ" అని చెల్లెలంటే, "డబ్బిస్తే ఖర్చయిపోతుందే, గాజులైతే వేసుకుంటావు" అంది. తమ్ముడి నాలుగు గ్రాములకు ఆరోజు 24 క్యారట్ల రేటు కట్టి ఫోన్‌లోనే పంపించింది.

వారం తర్వాత చిన్నామె మురుగులు తెచ్చి కరిగించమంది. మొసలి మొహం కింద సన్న రంధ్రం చేసి సన్నమంట చూపిస్తే లక్క నల్లగా నురగకట్టి బయటికొచ్చింది. ఆ వాసన గదిలో రెండు రోజులుంది. మూసలో వెలిగారం వేసి కరిగిస్తే 33.62 గ్రాముల ముద్ద, వన్నె 90.8, మేలిమి 30.53. నా అంచనాకు అర గ్రాము తక్కువ. లక్క పాళ్ళను ఊహించి కట్టిన లెక్క అంతకంటే నిక్కచ్చిగా రాదు. ఆ సంగతి ముందే కాగితం మీద రాసి ఉంటే బాగుండేది, నేను రాయలేదు. అది నా లోపం. ఆ అర గ్రాము ముగ్గురూ సర్దుకున్నారు.

తమ్ముడు మూడు నెలలకు నానుతాడుతో వచ్చాడు. ముందు అతని ఆలోచన దాన్ని కరిగించి 22 చేయించడం. లెక్క చెప్పాను: 48 గ్రాములు 31కి తగ్గుతుంది, పుటానికి, మజూరికి, జీఎస్టీకి ఖర్చవుతుంది, ఆ తర్వాత చేతికొచ్చే తాడు ఇంత కాలం ఆగదు. 14 క్యారట్లు ఇప్పుడు హాల్‌మార్క్‌లో ఒప్పుకున్న వన్నే. అమ్మితే బంగారం ఎంతుందో అంతకు డబ్బొస్తుంది. ఉంచుకుంటానన్నాడు. భార్య వేసుకుంటుందట. నేను గీసిన కొక్కెం మాత్రం బాగా అరిగింది, మార్చమన్నాడు.

22లో చేసిన కొక్కెం ఆ తాడుకు పెడితే రంగు కలవదు, మెత్తగా ఉండి ముందు అదే తెగుతుంది. అటక మీద ఉన్న తాతయ్య నోటుపుస్తకం దించాను. 1963 అని రాసిన పేజీలో పెన్సిలుతో పాళ్ళున్నాయి. పన్నెండులో ఏడు మేలిమి. మిగిలిన అయిదింటిలో రెండు వంతులు రాగి, ఒక వంతు వెండి. మెషీన్ చూపించిన 27, 14 కూడా అదే వంతు. ఆ పాళ్ళతోనే కొక్కెం చేసి పెట్టాను. మెరుగు పెట్టలేదు.